ఛామనఛాయవ్వ

"అమ్మమ్మా, ఊరందరికి ఒక్కటే టీవీ ఉన్నప్పుడు అండ్ల ఏం సూసేటోళ్ళే?"

ఏం సూస్తం బిడ్డ, ఏది పెడితే గది. మాది బోధన్ పక్కపొంటి ఊరు గద, పొద్దుగూకితే శక్కర్ ఫ్యాక్టరి మడ్డి వాసన గుప్పున కొట్టేది. పంచాయితి ముంగట టీవీ పెడితే ఆడోళ్ళం బీడీల చాటలు ఒళ్ళె పెట్టుకొని కూసునేది. పసుపుకు ఏ మందు కొట్టాలె, పిల్లలకు సూదులెప్పుడేపియ్యాలె, గివన్ని చెప్పెటోళ్ళు. పాటలొచ్చినా మా చేతులు బీడీలు సుట్టుతనే ఉండేటివి. తప్పిపోయినోళ్ళ ఫోటోలొస్తే మాత్రం ఆగేటివి. ఎవరు చెప్పిండ్రో ఏమో, గదొక రివాజు మాకు.

ఎందుకంటున్ననంటే, మా అవ్వ, అంటే నన్ను కన్నది, ముసల్తనంల మతి తప్పింది. తన పేరే మర్చింది. ఒకపారి బోధన్ బస్టాండ్ల మా కండ్ల ముంగట్నే మాయమైంది. ఎక్కడని దేవులాడుతం? మా పెద్దన్న... కాదు కాదు, నడిపన్న, పోలీసోళ్ళకు చెప్పి, ఫోటో పట్టుకొని పట్నం పోయి టీవీ ఆఫీసుల ఇచ్చొచ్చిండు. "గిది మా పనేనయ్యా" అన్నరట వాళ్ళు.

టీవీల చదివేటామె "వృద్ధురాలు, ఛామనఛాయ, ఎర్ర చీర" అన్నది. మనం నల్లగ అంటం, ఎర్రగ అంటం, ఛామనఛాయ ఎవరికెరుక? నవీపేట్ల ఒక బీడీలామె గదే మా అవ్వ పేరనుకున్నది. తెల్లారి అంగట్ల ఎర్ర చీర ముసల్దాన్ని సూసి, మొఖం గురుతువట్టి, "ఓ ఛామనఛాయవ్వా" అని పిల్సింది. మా అవ్వ "ఆఁ" అన్నదట. నవ్వకు. అసలు పేరుతోని మేం ఎంత మొత్తుకున్నా పలకలే. ఇంటికొచ్చినంక సచ్చేదాంక గా పేరే పిలుసుకున్నం.

గిప్పుడు గిన్ని ఛానళ్ళు. మన పక్కింటి ఎల్లవ్వ పెనిమిటి తప్పిపోయిండని పోయి అడిగితే టైం లేదన్నరట. ఒక్కటే లొల్లిని పొద్దంత తిప్పి తిప్పి సూపెడ్తరు, దానికైతే ఉంటది టైం. నాకు మండుతది బిడ్డ. ఎల్లవ్వ ఇంక తలుపుకాడనే కూసుంటున్నది.

రేపు నువ్వు టీవీల చదివే నౌకరికే పోతున్నవు. మంచిగ చదువు, పేరు తెచ్చుకో. గని తప్పిపోయినోళ్ళ ముచ్చటైతే కొట్లాడన్న చదువు. మెల్లగ చదువు. ఫోటో జరసేపు ఉంచుమను. ఎక్కడ్నో ఎవలో ఒకామె చేతులాపి సూస్తుంటది.

పైలంగ పో, సల్లగుండు. నీ సంచిల బట్టల మీద ఒక ఫోటో పెట్టిన, మడత పడనియ్యకు. ఎల్లవ్వ ఇచ్చింది.