కొట్టి చూడని కుండ

ఎల్లారెడ్డి అంగడిలో కుండలు పరుచుకుని కూర్చున్న కుమ్మరి అవ్వ ముందు బండి ఆపి, దిగకుండానే ఒకతను ఐదువందల నోటు చాపాడు.

"అవ్వా, ఓ కుండియ్యి. జల్ది."

"దేనికి కొడకా?"

"నీళ్లకు. ఏదైతేంది? చిల్లర నువ్వే ఉంచుకో."

అందించబోయిన కుండను అవ్వ మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. ఇన్నేళ్ల అమ్మకంలో ఆ తొందర ఆమెకు తెలియనిది కాదు.

"నీళ్లకు కొనేటోళ్లు పది కుండలు కొట్టి చూస్తరు, పది రూపాల కాడ కొట్లాడుతరు. సావుకు కొనేటోళ్లే కొట్టి చూడరు, బేరం చెయ్యరు. ఎవలు పోయిండ్రు?"

"ఎవలు పోలే."

"మరి?"

"మా అమ్మ. దవాఖానోళ్లు ఇంటికి తీస్కపొమ్మన్నరు. రేపటి దాకా ఉండదన్నరు. మావోళ్లు అన్నీ తెచ్చిపెట్టుమన్నరు."

"ఇప్పుడు పానమున్నదా?"

"ఉన్నది. నీళ్లు అడుగుతున్నది."

"నీళ్లు అడిగే మనిషికి సావు కుండ కొంటానికి వచ్చినవా? నేనియ్య. నోటు జేబుల పెట్టు."

"తిట్టకు అవ్వా. పొద్దటి సంది ఎవలేం చెప్తే అది చేస్తున్న."

"అయితే నేను చెప్పింది గూడ చెయ్యి. బండి దిగు."

అవ్వ ఒక చిన్న నీళ్ల కూజాను ముందుకు జరిపింది. అతను దిగి, గొంతుక్కూర్చుని, వేలి కణుపుతో దాన్ని కొట్టాడు. ఖంగుమంది.

"ఎంత?"

"మూడొందలు."

అతను కూజాను ఇంకోసారి కొట్టి చూశాడు.

"మా అమ్మయితే రెండొందలకు మించి ఇయ్యదు, అవ్వా."