ఆఖరి రీలు ఆపిన ఆట

హలో… ఆ, నేనే బావా, సత్యారావుని. సోడవరం పోస్టాఫీసు నుంచి…

లేదు, లేదు, ఎవరికీ ఏటీ కాలేదు. తెల్లారగట్ల నల్లగా మబ్బేసింది, కురవకుండానే పోయింది. ఇక్కడ అంతే విశేషం.

…రాజ్యమా? మా ఇంట్లోనే ఉంది. మేనమావ ఇంటికి గాక ఎక్కడికి పోతాది?

…తినలేదు. నిన్నట్నుంచీ. మా నరసమ్మ బతిమాలి బతిమాలి ఊరుకుంది.

అరవకు బావా. బెల్లం కొట్లో నలుగురుంటారు. దాసుని పెళ్లి సేసుకుంటానంది గానీ, దొంగతనం సేస్తానన్లేదు గదా?

…సినిమాలా? నా టూరింగు సినిమా డేరాలో ఈ బొమ్మ నువ్వూ సూసేవు. రెండుసార్లు.

…అవును, నేనూ అలాగే అనుకున్నాను. పదహారేళ్లు, పదిహేడేళ్ల గుంటలు… ప్రేమించుకున్నోళ్లు సచ్చిపోతే సూడ్డానికి ఇన్నేసిసార్లు ఎందుకొస్తారని. దేవరాపల్లి నుంచి బళ్లు కట్టుకుని మరీ వస్తన్నారు. అందుకే, నిన్న మొదటాటకి ఆఖరి రీలు ఆపేసేను.

…ఆ. ఆళ్లిద్దరూ కలుసుకున్న కాడ దీపాలేసేసేను. బతికేసేరు, ఇళ్లకి పొండి అని.

పెద్దోళ్లు సంతోషంగా లేసి పోయేరు. గుంటలు మాత్రం… కదల్లేదు. బెంచీలు బాదేసేరు. ‘సంపండి, సంపండి’ అని.

నవ్వకు. అందులో నీ కూతురి గొంతూ ఉంది.

…అడిగేను. ‘ఒసే, సచ్చిపోవాలనుందేటే నీకు?’ అని. ‘ఆళ్ల సావు ఎవరికి కావాలి మావయ్యా? ఆళ్లు సచ్చేక ఆ తండ్రి తల బాదుకుంటాడే, అది కావాలి’ అంది.

…ఆ, ఆడే. నువ్వు ‘కసాయోడా’ అని తిట్టేవు సూడు, ఆడే. తిట్టి, తువ్వాలు నోట్లో కుక్కుని ఏడిసేవు.

…సూసేనులే. అదీ సూసింది. నీ పక్క బెంచీలోనే కూచుంది. రెండోసారి తెరకేసి సూళ్లేదంట. నిన్నే సూసిందంట. ‘మా నాన్నకీ ఏడుపొస్తాది మావయ్యా’ అంది… అదేదో వింత సెప్పినట్టు.

…

…మాటా? మేనరికం మాట నాకే గదా ఇచ్చేవు, నా కొడుక్కే గదా? పది రోజుల్నుంచి సూస్తన్నాను, ఆ కతలో అడ్డొచ్చినోణ్ని తిట్టుకుంటా టిక్కెట్లు సింపుతన్నాను. ఆడు నేనేనని నిన్న తెలిసింది.

…మా పెదబాబుకీ సెప్పేను. ‘పోనీలే నాన్నా’ అన్నాడు. నిన్న రెండు ముద్దలెక్కువే తిన్నాడు.

…దాసా? వడ్డాది బడిలో పంతులు. నెమ్మదైనోడే.

…ఊరోళ్లా? ఆళ్లూ డబ్బులిచ్చి ఏడిసినోళ్లే బావా.

ఆ… అయిపోయింది పోస్టుమాస్టరుగారూ, ఒక్క మాట…

బావా? …ఉన్నావా? …గురగురమంటంది, లైనేనా అది?

…ఏడిస్తే ఏడు. ఆ బెల్లం కొట్లో కాదు, అక్కడెవరికి కావాలి? ఇక్కడికొచ్చి ఏడు.

…ఏటీ సెప్పక్కర్లేదు. సెప్పడం నీకు సేతకాదు. నరసమ్మ ఆకులేస్తాది, నీ కూతురి పక్కన కూచో. నువ్వు ముద్ద ఎత్తితే అదీ ఎత్తుతాది. మేవూ ఎవరం నోరిప్పం. తినీసి లేద్దాం, అంతే.

…పన్నెండున్నరకి. ఆ, అనకాపల్లి స్టాండులోనే… హలో? హలో?

కట్టయిపోయిందండీ, పోస్టుమాస్టరుగారూ.

…ఏటన్నాడా? బస్సెన్ని గంటలకని అడిగేడు.