రన్నమ్మగారి ఆఖరి చీటీ

పంతొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం జూలై ఎనిమిదో తేదీ, సోమవారం ఉదయం, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న సహ సంపాదకురాలు మన ఇంగ్లీషు-తెలుగు నిఘంటు కార్యాలయంలో తొలిసారి అడుగుపెట్టారు. నాటి ప్రధాన సంపాదకులు ‘రన్’ అన్న మాటను ఆమెకు అప్పగించి, “మూడక్షరాల మాటేనమ్మా, వారంలో తేల్చేయండి” అన్నారట. ఆ వారం ముప్పై మూడేళ్లు పట్టింది. ఈలోగా వందలాది మాటలను ఆమె పూర్తిచేసి పంపినా, ఈ ఒక్క మాట మాత్రం ఆమె బల్ల దిగలేదు. అందుకే అందరికీ ఆమె రన్నమ్మగారయ్యారు.

జాప్యానికి కారణం ఆ మాటకున్న వందలాది అర్థాలూ, ఆమె పెట్టుకున్న నియమమూ. ప్రతి అర్థానికీ ఒక చీటీ, చీటీ అడుగున సాక్షి, అంటే ఆ తెలుగు మాట ఎవరి నోట విన్నారో వారి పేరు. “అడిగితే మనుషులు బళ్లో నేర్చుకున్న మాట చెబుతారండీ, అడగకపోతేనే ఇంట్లో మాట వస్తుంది” అనేవారు. అందుచేత రంగు ‘రన్’ అవడమనే అర్థం కోసం వెలిసే చీర తీసుకెళ్లి చాకలి దుకాణంలో గంటసేపు కూర్చుని, “రంగు దిగుతోందమ్మా” అని అతడంతట అతడు అన్నాకే లేచారు. ఇంగ్లీషులో ఎన్నికల్లో పరుగెత్తే అభ్యర్థి తెలుగులో నిలబడతాడని రాసుకున్న రోజున ఆమె పడిపడి నవ్వారు.

మధ్యాహ్నాల్లో ఆ చీటీల గదిలోకి వెళ్లినవారికి కాలం నెమ్మదించినట్లుండేది. కిటికీలోంచి వాలిన ఎండ సొరుగుల మీదుగా జరుగుతుండగా, ఎక్కడో కుళాయి కారుతుంటే, దూరంగా బస్సులు నడుస్తుంటే, ఆమె అరమోడ్పు కన్నులతో ఆ చప్పుళ్లన్నిటినీ ఒకే మాట కింద చేర్చుకుంటూ కూర్చునేవారు. పిలిస్తే పలకడానికి కొంత వ్యవధి పట్టేది.

ఈ తపస్సుకు ఇంట్లో మూల్యం ఉంది. కూతురికి పదేళ్లప్పుడు జ్వరమొచ్చి, “అమ్మా, ఒళ్లు కాలిపోతోంది” అంటే, ఇంగ్లీషులో జ్వరం కూడా ‘రన్’ అవుతుంది కనుక, రన్నమ్మగారి చేయి పిల్ల నుదుటికన్నా ముందు చీటీ మీదికి వెళ్లింది. పిల్ల అది చూసింది. “నువ్వు నా మాట వినవమ్మా, మాటలు వింటావు” అంది. ఆ చీటీ అడుగున సాక్షి పేరు రాయడానికి ఆమెకు నేటికీ చేయి రాలేదు. వేరొకరి నోట విన్న మాటతో ఆ అర్థాన్ని పూర్తిచేశారు. తల్లీకూతుళ్ల మధ్య మాత్రం ఆ వెలితి అలాగే ఉండిపోయింది.

చివరికి ఒక్క చీటీ మిగిలింది: ‘రన్స్ ఇన్ ద ఫ్యామిలీ’, అంటే ఒక గుణం ఒక కుటుంబంలో తరతరాలుగా రావడం. ప్రస్తుత సంపాదకులు “వంశానుగతం అని రాసేయండమ్మా, అచ్చుకు వెళ్లాలి” అని బతిమాలారు. “వంశానుగతమని ఏ తల్లి అంటుందండీ బిడ్డను చూసి?” అని ఆమె కదల్లేదు. ఈ నెలాఖరులోగా సాక్షి దొరక్కపోతే అదే మాట అచ్చవుతుందని తేలిపోయింది.

గడిచిన బుధవారం, ఇప్పుడు నర్సుగా ఉన్న కూతురు తల్లిని తీసుకెళ్లడానికి వచ్చింది. మనకు టీ తెచ్చే పెద్దమ్మ కడుపు పట్టుకుని గోడకానుకుని ఉంది. కూతురు ఏమీ అడగలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. పావుగంటకు పెద్దమ్మే ఎన్నాళ్ల నుంచో దాచుకున్న నొప్పి సంగతంతా చెప్పేసింది. చెప్పి, రన్నమ్మగారి వైపు తిరిగి, “నా దగ్గర ఇంతసేపు ఎవరు కూర్చున్నారమ్మా! ఈ ఓపిక మీ ఇంట్లోనే ఉంది” అంది.

రన్నమ్మగారి చేయి కలం దాకా వెళ్లి ఆగిపోయింది. కూతురు ఖాళీ చీటీ తీసి ముందు పెట్టి, “రాసుకోమ్మా, ఈసారి ఏమీ అనుకోను” అంది.

“చీటీకేం, ఉంటుంది. పొద్దున ఫోనులో ఏదో చెప్పబోయావు కదే, నేనే పెట్టేశాను. ముందు అది చెప్పు” అన్నారు రన్నమ్మగారు.

ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మర్నాడు పెద్దమ్మ అన్న మాటతో ఆ చీటీ అచ్చుకు వెళ్లింది. దాని మీది చేతిరాత కూతురిది.

శ్రీమతి రన్నమ్మగారికి సంపూర్ణ ఆరోగ్యమూ, నిండు నూరేళ్ల ఆయుష్షూ సిద్ధించాలనీ, ఆ ఏళ్లన్నీ చేతిలో కలం లేకుండా కూతురి మాట వింటూ గడవాలనీ సహోద్యోగులందరమూ మనసారా కోరుకుంటున్నాము.