కూతురు చెప్పిన వాతావరణం

టీవీలో ఏడింటి వార్తల్లోపు చేయాల్సిన పనులు ఇవి: పక్కింటివాళ్ళ నిచ్చెన అడగడం, గాలికి పక్కకు తిరిగిపోయిన డిష్ బోల్టులు వదులు చేయడం, టీవీలో సిగ్నల్ డెబ్బై దాటేదాకా దాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పడం, మళ్ళీ బిగించడం. అన్నీ అయ్యాయి, బిగించడం తప్ప. బోల్టు మర అరిగిపోయింది. అందుకని ఆయన డాబా మీద డిష్‌ను రెండు చేతులా వాటేసుకుని నిలబడ్డాడు. ఆవిడ కింద టీవీ ముందుంది.

“కదలకండి! డెబ్బై రెండు! అమ్మాయి వచ్చేసింది!”

“ఎలా ఉందే?”

“కొంచెం బెదురుతోంది. మొదటిసారి కదా.”

“కాసిని నీళ్ళు తాగి చదవమను.”

“టీవీకి చెప్పనా?”

“చెబితే నీ సొమ్మేం పోయింది? ఏం చదువుతోంది?”

“వాతావరణం. మన వైపు చినుకు కూడా పడదట.”

ఆయన కళ్ళజోడు మీంచి నీళ్ళు ధార కట్టాయి.

“తడుముకోకుండా చెప్పిందా?”

“గడగడా చెప్పింది. ఏమండీ, బయట ఆ చప్పుడేంటి? వానా?”

“వానేంటే, పిల్ల లేదంటుంటే!”

“కిటికీలోంచి జల్లు కొడుతోందండీ!”

“ట్యాంకు పొంగింది. కిటికీ మూసెయ్.”

“తడిసి ముద్దయిపోతారు, దిగండి!”

“నేను దిగితే పిల్ల మాయమైపోతుంది. అయిపోయిందా?”

“అయిపోయింది. చివర్లో మన సోఫా వైపు చూసి నవ్వింది.”

“పాపం, దానికేం తెలుసు, నేను పైనున్నానని.”

వాతావరణ వార్త తప్పిన రోజు మీరు నవ్వుకోండి, తప్పులేదు. కానీ ఆ వార్త నిజమేనని వానలో నిలబడి వాదించిన ఈ నాన్నను ఒక్కసారి తలుచుకోండి.