నాది అనే మాట లేని భాష

కార్తీకమాసం, పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది. పామర్రు పక్క ఊరు, ఒక పెంకుటింటి వరండా. మధ్యాహ్నం. అక్క రాజ్యలక్ష్మి, అయ్యప్పమాల వేసుకుని విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చిన తమ్ముడు పూర్ణచంద్రరావు.

“తలస్నానం చేసే వండాను. మాలలో ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. ఆకు వెయ్యనా?”

“భిక్ష తర్వాతక్కా. ఉష ఏదీ?”

“ఎండన పడొచ్చావు. ముందు మజ్జిగ తాగు స్వామీ.”

“తాగుతాను. ఉష బడికెళ్ళిందా?”

“ఆ పిల్ల బడి మానేసి నెలయింది. కృష్ణారావు గారి హాల్లోనే చదువు.”

“కన్నకూతుర్ని పట్టుకుని ఆ పిల్ల ఏంటి? ఎదురింటి వాళ్ళ పిల్ల గురించి చెప్పినట్టు.”

“అలవాటైపోయింది.”

“ఆ అలవాటు సంగతే కనుక్కుందామని వచ్చాను. బస్సులో మాణిక్యం పిన్ని కలిసింది. కృష్ణారావు గారు కొత్త భాష కట్టారట, ఊళ్ళో నలభై ఇళ్ళవాళ్ళు అదే మాట్లాడుతున్నారట. కాసేపు నవ్వుతూ చెప్పింది, కాసేపు ఏడుస్తూ చెప్పింది. నాకు సగం అర్థం కాలా.”

“నవ్వడానికేముంది అందులో? ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో చేశారాయన. ఇది ఫలానావారిది, అది ఫలానావారిది అని పంచీ పంచీ విసిగిపోయారట. రిటైరయ్యాక నోటుపుస్తకంలో ఒక్కో మాటా రాసుకుంటూ కట్టారు.”

“ఏదీ, ఒక ముక్క మాట్లాడు.”

“తెయి కూడు మెల.”

“అంటే?”

“నేను అన్నం తిన్నాను. నువ్వు తిన్నావు. ఆమె తింది. అన్నిటికీ అదే. నేను, నువ్వు, వాళ్ళు అని వేరే మాటల్లేవు. మనిషి ఎవరైనా తెయి.”

“మరి ఎవరు తిన్నారో ఎట్లా తెలుస్తుంది?”

“ఎవరో ఒకరు తిన్నారు కదా.”

“ఆ మాట ఆకలితో ఉన్నవాడితో అను. మా లేతు షాపులో ఈ భాష పెడితే పానా ఎవరిదో తేలేలోపు పొద్దుగూకుతుంది.”

“ఎవరిదీ కాదు. చేతిలో ఉందని చెప్పడానికి మాత్రం మాటుంది. నిమ. పానా నిమ అంటే, ప్రస్తుతానికి ఒక చేతిలో ఉన్న పానా. రేపు ఇంకో చేతిలో ఉంటుంది. ఇల్లూ అంతే. ఇల్లు నిమ. గేదె నిమ.”

“బిడ్డ?”

“మజ్జిగలో ఉప్పు సరిపోయిందా?”

“బిడ్డనేమంటారక్కా?”

“బిడ్డ నిమ.”

“అమ్మా అని పిలవచ్చా మీ భాషలో?”

“ఎందుకు పిలవకూడదు? పెద్దామె ఎవరినైనా పిలవచ్చు.”

“బాగుంది.”

“అట్లా చూడకు. మాల వేసుకున్న రోజే నీ పేరు పోలేదూ? కనపడ్డవాణ్ణల్లా నువ్వు స్వామీ అంటావు, వాడు నిన్ను స్వామీ అంటాడు. అదైతే భక్తి, ఇదైతే పిచ్చీనా?”

“పిచ్చి అనలేదు. పెద్దాయన్ని తప్పుపట్టేంత చదువు నాకు లేదు. కానీ మేం దీక్ష పూర్తయ్యాక మాల తీసేస్తాం. ఇంటికెళ్ళి ఎవరి పిల్లల్ని వాళ్ళు ఎత్తుకుంటాం. మీది ఎప్పుడు తీస్తారు?”

“ఇది తీసేది కాదు.”

“దుప్పటి సంగతి చెప్పు.”

“ఏ దుప్పటి?”

“మాలలో ఉన్నాను. నాతో అబద్ధం చెప్పకు.”

“అబద్ధం చెప్పడానికేముంది? రోజూ తెల్లారేసరికి హాల్లో తెల్లదుప్పటి పరుస్తారు. చేతికి బరువనిపించింది దాని మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చెయ్యాలి. అందినవాళ్ళు తీసుకుంటారు. ఎవరు తీసుకున్నారని అడక్కూడదు. తర్వాత దారిలో కనపడినా గుర్తుపట్టకూడదు.”

“నువ్వేం పెట్టావు?”

“మొదట ఇత్తడి బిందె. తర్వాత సైకిలు. శ్రావణంలో పాడిగేదె. అదిప్పుడు మూడిళ్ళ అవతల ఉంది. అటు వెళ్తుంటే మెడ చాపి అరుస్తుంది.”

“నువ్వేం చేస్తావు?”

“తల తిప్పను. వారం రోజులు కష్టమైంది. ఇప్పుడు ఎవరిదో గేదె అరిచినట్టే ఉంటుంది.”

“మాణిక్యం పిన్ని కోడలు చంటివాణ్ణి పెట్టిందట కదా.”

“వాడు బాగానే ఉన్నాడంటున్నారు.”

“ఎవరంటున్నారు? ఎక్కడున్నాడు?”

“అడక్కూడదని చెప్పానుగా.”

“అందుకే వచ్చానక్కా. అట్లాంటిది ఈ ఇంట్లో జరక్కముందే ఉషను తీసుకెళ్తాను. మా ఇంట్లో మా పిల్లలతో ఉంటుంది. గవర్నర్‌పేటలో బళ్ళో వేస్తాను. నువ్వూ వస్తే మరీ మంచిది. బావగారు ఒప్పుకోరని తెలుసు. ఈ భాష ముందు నేర్చుకొచ్చింది ఆయనే కదా.”

“ఆయనే. బాబు పోయాక ఆయనే నన్ను హాలుకి తీసుకెళ్ళారు.”

“ఆయనెక్కడ ఇప్పుడు?”

“పొద్దుటినుంచీ ఇంట్లో లేరు.”

“హాల్లో ఉన్నారా?”

“లేరు. కూర్చో పూర్ణా. నిలబడి మాట్లాడితే కంగారుగా ఉంటుంది.”

“కూర్చుంటే నాకు కంగారుగా ఉంది.”

“బాబు పోయినప్పుడు నువ్వు చూశావుగా. మూడు రోజుల జ్వరం. విజయవాడ ఆసుపత్రికని కారు మాట్లాడుకుని బయల్దేరాం. కంకిపాడు దాటకముందే ఒళ్ళోనే చల్లబడ్డాడు. ఏడాదిపాటు నా కొడుకు, నా కొడుకు అని గోడకేసి తల కొట్టుకున్నాను.”

“తెలుసక్కా. పట్టుకున్నది నేనేగా.”

“గుళ్ళకు తిప్పారు. దండాలు పెట్టించారు. ఎక్కడా నిమ్మళించలా. కృష్ణారావు గారు ఒక్క మాటే అన్నారు. నాది అనుకోనివాళ్ళకి పోయేదేం లేదమ్మా అన్నారు. ఆ రోజు నిద్రపట్టింది.”

“నేనూ రోజూ అంటాను, అన్నీ స్వామివే అని. అనేసి ఇంటికి తాళం వేసుకుంటాను. ఆ తాళం తప్పా అక్కా? ఇచ్చినవాడు కాపాడమని ఇచ్చాడా, వదిలెయ్యమని ఇచ్చాడా? వాదనకి కాదు, తెలీక అడుగుతున్నాను.”

“నాకు మాత్రం ఏం తెలుసు?”

“పోనీలే. ఉష బట్టలు సర్దు. మూడింటి బస్సుకి వెళ్ళిపోతాం. బావగారు అడిగితే తమ్ముడు బలవంతంగా పట్టుకెళ్ళాడని చెప్పు.”

“బట్టలు లేవు.”

“లేవంటే?”

“సంచీలో పెట్టి పంపించాను.”

“ఎక్కడికి? అక్కా, ఇటు చూడు. ఉష ఎక్కడుంది?”

“తెలీదు.”

“తెలీదా?”

“ఏ ఇంట్లో ఉందో తెలీదు పూర్ణా. వెనక్కి చూడలేదు... చూడకూడదు కదా.”

“ఎప్పుడు?”

“ఇవాళ పొద్దున.”

“అంత పనీ చేశాడన్నమాట బావ. ఉన్న పొలం ఆ హాలుకి రాసిచ్చినా చాల్లేదా ఆయనకి? తొమ్మిదేళ్ళ పిల్లని దుప్పటి మీద ఎట్లా పెట్టాడక్కా? ఏ వీధిలో ఉన్నాడో చెప్పు. మాల తీసి ఇక్కడే పెట్టేసి వెళ్తాను.”

“ఆయన్నేమీ అనకు.”

“ఇంకా వెనకేసుకొస్తావేం?”

“ఆయనకి నిద్రలేచాక తెలిసింది. అప్పట్నుంచీ ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొడుతున్నారు. ఎవరూ తియ్యడం లేదట. నా కూతురు, నా కూతురు అని నడివీధిలో అరుస్తుంటే, ఆయన ఏమంటున్నాడో తెలీనట్టు చూస్తున్నారట.”

“మరి పెట్టిందెవరు?”

“నిన్న సాయంత్రం జడ వేస్తుంటే దాని మెడ తగిలింది.”

“పెట్టిందెవరక్కా?”

“బాబు ఒళ్ళు కాలినట్టే కాలుతోంది పూర్ణా... ఇదీ నాదై ఉండగా పోకూడదని, తెల్లారేసరికి భుజాన వేసుకెళ్ళి నేనే పడుకోబెట్టి వచ్చాను.”