బయోనెట్ పుట్టిన ఊరు

కమ్మరి కొలిమి ముందు కూర్చుని పొడుగుపాటి కత్తిని సాగగొడుతున్నాడు. బడిలో ఇంగ్లీషు చెప్పే కూతురు ఇంటికి వస్తూనే గుమ్మంలో ఆగిపోయింది.

"ఇలాంటివి నలభై ఎందుకు నాన్నా, చెయ్యమని పురమాయించినవాళ్ళకి?"

"పుచ్చకాయలు కోసుకోవడానికట."

"నలభైమందీ ఒక్కసారే కోస్తారా? మొన్న సంతలో తలలు పగలగొట్టుకున్నవాళ్ళేగా వీళ్ళు!"

ఆయన కత్తి మీద మరో దెబ్బ వేశాడు.

"ఇవాళ పిల్లలకి బయోనెట్ అనే మాట చెప్పాను. తుపాకీ మూతికి తగిలించి పొడిచే కత్తి. ఫ్రాన్సులో బయోన్ అనే ఊళ్ళో చేసేవారట, అందుకే దానికా పేరొచ్చిందంటారు."

"ఆ ఊళ్ళో కొడవళ్ళు చేసేవాళ్ళు లేరా?"

"ఉండే ఉంటారు. వాళ్ళ సంగతి నేనెక్కడా చదవలేదు."

సుత్తి ఆగింది. పాతికేళ్ళుగా తాను చేసిన కొడవళ్ళు ఎన్ని పొలాల్లో తిరుగుతున్నాయో ఆయనకే లెక్క తెలియదు.

"వీటికి మన చేప గుర్తు కొట్టకుండా ఇచ్చేద్దామనుకున్నానే."

"గుర్తు లేకుండా మన కొలిమి నుంచి ఒక్కటైనా బయటికెళ్ళిందా?"

"వెళ్తే మీ తాత నా చెవి మెలేసేవాడు."

ఆయన ఎర్రగా కాలిన కత్తిని దాగలి దిమ్మ మీద పెట్టి, ఉలి ఆనించి, ఒక్క దెబ్బతో నడిమికి తెగ్గొట్టాడు.

"అదేంటి నాన్నా!"

"ఒక్కోదానికి రెండు కొడవళ్ళొస్తాయి."

"వాళ్ళు ఊరుకుంటారా?"

"ఊరుకోరు. నువ్వు కాసేపు తిత్తి ఊదమ్మా, ఇనుము చల్లారిపోతోంది."