మైకులో పడిన ఊఁ

మేనకోడలు వంటింటి బల్ల మీద కెమెరా మళ్లీ బిగించింది. మేనత్త మీద తీస్తున్న చిన్న సినిమాను సాయంత్రంలోగా కాలేజీలో ఇచ్చేయాలి.

“నిన్నంతా చెప్పించుకున్నావు కదే! మళ్లీ ఏమొచ్చింది?”

“తప్పు నాదే అత్తా. నువ్వు చెప్పే ప్రతి మాటకీ ‘ఊఁ, ఊఁ’ అన్నాను. అదంతా మైకులో పడింది. తీసేవాళ్ల గొంతు వినపడకూడదని మాస్టారు మరీ మరీ చెప్పారు.”

“అయితే నోరు కుట్టేసుకుని కూర్చో. నేను టెలిఫోను ఆపరేటరుగా చేరిన రోజు పెద్ద వాన. ఎవరో ఆస్పత్రికి లైను కలపమన్నాడు... వింటున్నావుటే?”

“అబ్బా, వింటున్నానత్తా! ఇలా ఆగిపోవడం ఇది నాలుగోసారి. నిన్న ఎంత బాగా చెప్పావు! ఇవాళ పాఠం అప్పజెబుతున్నావు.”

“ఏం చెయ్యనే? ముప్పై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను. అవతల ఉలుకూ పలుకూ లేకపోతే లైను తెగిందనే లెక్క. తెగిన లైనులో ఎవరితో మాట్లాడను?”

మేనకోడలు మైకును ఇద్దరి మధ్యకూ జరిపింది.

“మాస్టారు మార్కులు కోస్తారేమోనే!”

“కొయ్యనీ. లైను కలిపావు. తర్వాత?”

“కూతురు పుట్టిందని నర్సు చెప్పింది. ఇవతల లైను కలపమన్నాయన వైపు చడీచప్పుడూ లేదు. లైను తెగిందనుకున్నాను. తీరా చూస్తే ఆయన ఏడుస్తున్నాడే!”

“ఊఁ,” అంది మేనకోడలు, మైకులో బాగా పడేట్టు.